చరిత్ర శాఖ కనిపెట్టిన క్యాన్సర్ మందు

క్యాన్సర్‌కు మందు కనిపెట్టవలసిందిగా ఉత్తర్వు వచ్చిన సమయానికి భానుమూర్తి పానిపట్టు యుద్ధంలో ఉన్నాడు. అతను రాళ్లగుంట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర లెక్చరర్, ఆ శాఖకు ఉన్నది తనొక్కడే. సరిగ్గా హేము కంటికి బాణం తగలబోతుండగా ప్రిన్సిపాల్ గారు స్వయంగా క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"యుద్ధం ఆపండి భానుమూర్తిగారూ. అర్జంటు మీటింగు."

ప్రిన్సిపాల్ దైవప్రసాద్ గారు మంచివారు. పైనుంచి ఏ కాగితం వచ్చినా దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం మానేసి చాలాకాలమైంది. అర్థమైతే అమలుచేయడం కష్టమవుతుందని ఆయన అనుభవం.

జరిగిందేమిటంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారి ఏదో సదస్సుకు వెళ్లారు. క్యాన్సర్‌కు వాడే మందుల్లో చాలావాటికి మూలం మొక్కలేనని అక్కడొక శాస్త్రవేత్త చెప్పాడు. అది నిజమే. ఒక్కో మందుకూ ఎన్నేళ్లు పట్టిందో కూడా ఆయన చెప్పాడు గానీ, అది భోజనాల తర్వాత చెప్పాడు. అప్పటికి అధికారి గారు కారెక్కేశారు. కారు దిగేసరికి పథకం తయారైంది. దాని పేరు 'ఒక శాఖ, ఒక మొక్క, ఒక మందు'.

స్టాఫ్ రూములో ప్రిన్సిపాల్ గారు ఉత్తర్వు చదువుతుంటే కెమిస్ట్రీ లెక్చరర్ మెహరున్నీసా మేడమ్ లేచింది. ఆ కళాశాలలో మొక్కలనుంచి మందు తీసే పని నిజంగా చేస్తున్న మనిషి ఆవిడొక్కతే.

"సార్, సైన్సు వాళ్లంటే సరే. కామర్సు వాళ్లు, తెలుగు వాళ్లు ఎట్లా చేస్తారు?"

"దానికి కూడా రాశారమ్మా," అని ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "'ఆవిష్కరణలు కేవలం విజ్ఞానశాస్త్ర విభాగాలకే పరిమితమగుట సమానత్వ భావనకు విఘాతము. కావున సకల శాఖలూ యుద్ధప్రాతిపదికన ఔషధావిష్కరణకు ఉపక్రమించి, మార్చి నెలాఖరులోగా ఫలితములను పోర్టల్ నందు నమోదు చేయవలెను.' ఏం, ఇంకెవరికైనా అనుమానాలా?"

ఎవరికీ రాలేదు. ఎందుకంటే ఉత్తర్వు చివర మరో వాక్యం ఉంది. మందు కనిపెట్టిన శాఖాధిపతులకు బదిలీల్లో మొదటి ప్రాధాన్యం ఇస్తారట. భానుమూర్తి ఆ వాక్యాన్ని ప్రిన్సిపాల్ గారి చేత రెండోసారి చదివించాడు. అతని భార్య నరసరావుపేటలో పంతులమ్మ. కూతురు అక్కడే ఆరో తరగతి. వారానికోసారి బస్సెక్కి వెళ్లి, కూతురు నిద్రలేచేలోగా తిరిగి బస్సెక్కే బతుకు అతనిది.

సుద్దముక్కల పెట్టెలో చీటీలు వేసి మొక్కలు పంచారు. తెలుగు శాఖకు నేలవేము వచ్చింది. వ్యాయామ శాఖకు వావిలి వచ్చింది. చరిత్ర శాఖకు ఉత్తరేణి.

మర్నాడు భానుమూర్తి బియ్యపు సంచి నిండా ఉత్తరేణి పీకి, ప్యాంటుకు అంటుకున్న గింజలతో సహా కెమిస్ట్రీ ల్యాబుకు వెళ్లాడు. అక్కడ అప్పటికే సంత జరుగుతున్నట్టుంది. కామర్సు ఆయన గాజు కుప్పెలో వేరు కుక్కుతున్నాడు. ఫిజికల్ డైరెక్టర్ రోలు అడుగుతున్నాడు. మెహరున్నీసా మేడమ్ ఒక మూల తన సరంజామాకు అడ్డంగా చేతులు చాపి నిలబడి ఉంది.

"మేడమ్, దీంట్లోంచి మందు తీయాలి. ఎంతసేపు పడుతుంది?" అన్నాడు భానుమూర్తి.

"నాకు తొమ్మిదో ఏడు నడుస్తోంది సార్. ఇంకా రాలేదు."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు అతను సంచి కింద పెట్టాడు.

ఆవిడది నల్లమల అడవిలో దొరికే ఒక తీగ. దాన్ని నీడలో ఎండబెట్టి, పొడి చేసి, స్పిరిట్లో నానబెట్టి, ఆ కషాయాన్ని ఇగిర్చి, మిగిలిన జిగురులో ఏమేమి పదార్థాలున్నాయో ఒక్కొక్కటే విడదీస్తుంది. విడదీసిన వాటిని హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో పనిచేసే స్నేహితురాలికి పంపుతుంది. అక్కడ గాజు పళ్లేల్లో క్యాన్సర్ కణాలను పెంచి, వాటి మీద వేసి చూస్తారు.

"వేస్తే చచ్చిపోతాయా?"

"మొన్న చచ్చాయి."

"మరింకేం! మందు దొరికినట్టేగా?"

"యాసిడ్ పోసినా చస్తాయి సార్," అంది ఆవిడ. "చంపడం గొప్పేం కాదు. పక్కనున్న మంచి కణాలను వదిలిపెట్టాలి. ఇప్పుడు ఆ పరీక్ష నడుస్తోంది. అందులో నెగ్గితే ఎలుకలు. ఎలుకలు బతికితే ఆ తర్వాత మనుషులు. చాలామటుకు మధ్యలోనే ఆగిపోతాయి. ఆగిపోయిందని నలుగురికీ చెప్తే, ఇంకొకరు అదే దారిలో పడకుండా ఉంటారు."

"మరి మార్చి నెలాఖరుకి?"

ఆవిడ ఈసారి నవ్వింది.

భానుమూర్తి సంచి భుజాన వేసుకుని తన గదికి వచ్చి చాలాసేపు ఆలోచించాడు. ల్యాబు తనకు తెలియని విద్య. తెలిసింది చరిత్ర. కాబట్టి చరిత్ర పద్ధతిలోనే మందు కనిపెట్టాలని నిర్ణయించుకున్నాడు. గ్రంథాలయంలో ఉన్న శాసనాల సంపుటాలన్నీ దుమ్ము దులిపి తిరగేశాడు. నెల తిరిగేసరికి చక్కని నివేదిక తయారైంది. ఉత్తరేణి వాడిన రాజు ఎవరైనా క్యాన్సర్‌తో మరణించినట్టు ఈ ప్రాంతంలో దొరికిన ఏ శాసనంలోనూ ఆధారం లేదని అందులో తేల్చాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఉత్తరేణి వాడినట్టు కూడా ఏ శాసనంలోనూ లేదన్నది వేరే సంగతి. దాన్ని ఎవరూ అడగలేదు.

మిగిలిన శాఖలూ ఊరుకోలేదు. రాజనీతి శాస్త్రం వాళ్లు విద్యార్థులతో సభ పెట్టి, తమ మొక్కకు క్యాన్సర్‌ను నయం చేసే గుణం ఉన్నదని మూజువాణి ఓటుతో ఆమోదించారు. లెక్కలాయన తన మొక్క పనిచేస్తుందని అనుకుంటే పనిచేస్తుందని రుజువు చేశాడు. కామర్సు ఆయన ఇంకా లేని మందుకు ధర కట్టి, బయటి ధరతో పోల్చి, రోగికి మిగిలే సొమ్ము లెక్కలు వేశాడు. వ్యాయామ శాఖలో ఇద్దరు కుర్రాళ్లు వావిలి రసం తాగి పరుగెత్తారు. ఎప్పుడూ లేనంత వేగంగా పరుగెత్తారు. ఏ వైపు పరుగెత్తారో నివేదికలో రాయలేదు.

పోర్టల్‌లో ఫలితం నమోదు చేసేచోట రెండే మాటలున్నాయి. ఒకటి 'విజయం', రెండోది 'ఘనవిజయం'. భానుమూర్తి వినయంగా 'విజయం' మీద వేలు పెట్టబోయాడు. నరసరావుపేట గుర్తొచ్చి 'ఘనవిజయం' మీద నొక్కాడు.

సరిగ్గా ఆ వారమే మెహరున్నీసా మేడమ్‌కు హైదరాబాదు నుంచి కబురొచ్చింది. ఆవిడ తీగలోని పదార్థం మంచి కణాలను కూడా చంపేసింది. ఆ మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ మూత తీయలేదు. భానుమూర్తి ఎదురుగా కూర్చుని తన పెరుగన్నం తింటూ, "ఉత్తరేణి కావాలంటే నా దగ్గర చాలా ఉంది మేడమ్," అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

పోర్టల్‌లో కెమిస్ట్రీ గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. 'పని చేయలేదు' అని రాయడానికి అందులో చోటు లేదు.

ఫలితాలు చూసి రాజధాని మురిసిపోయింది. ఒక మారుమూల కళాశాల ఒక్క ఏడాదిలో క్యాన్సర్‌కు అన్ని మందులు కనిపెట్టడం మాటలా? కళాశాల ఆవరణలో 'ఔషధ మహోత్సవం' జరపమని ఆదేశం వచ్చింది. షామియానాలు వేశారు. ప్రతి శాఖకూ ఒక బల్ల, ఆ వెనక ఫ్లెక్సీ. చరిత్ర శాఖ ఫ్లెక్సీ మీద ఉత్తరేణి కొమ్మ పక్కన భానుమూర్తి చేతులు కట్టుకుని నిలబడిన ఫొటో వేశారు. 'క్యాన్సర్‌పై చరిత్ర దండయాత్ర' అని పైన ఎర్రక్షరాలు. ముందురోజే ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త కూడా వేసింది.

శనివారం ఉదయం రాజధాని నుంచి ప్రత్యేకాధికారి చక్రపాణి గారు వచ్చారు. మైకు అందుకుని, "వ్యాధి నిర్మూలన దిశగా ఈ కళాశాల వేసిన ముందడుగు చరిత్రాత్మకం, స్ఫూర్తిదాయకం. పరికరాలు లేకపోవడం పరిశోధనకు ప్రతిబంధకం కాదని మీరు నిరూపించారు. సంకల్పమే నిజమైన ప్రయోగశాల!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కో బల్లా చూసుకుంటూ కెమిస్ట్రీ బల్ల దగ్గర ఆగారు. దాని మీద ఏమీ లేదు. ఒక అట్టముక్క మీద మాత్రం మేడమ్ స్వదస్తూరీతో 'పని చేయలేదు' అని ఉంది.

"ఏది పని చేయలేదు? ఫ్యానా?"

"మందు సార్."

చక్రపాణి గారు చుట్టూ చూశారు. "ప్రయోగశాల లేని శాఖలన్నీ లక్ష్యాన్ని అధిగమించాయి. ప్రయోగశాల కలిగి ఉండి కూడా మీరు లక్ష్యసాధనలో వెనుకబడుటకు గల కారణాలేమిటి?"

"ప్రయోగం చేశాం సార్. అదే కారణం."

ప్రిన్సిపాల్ గారు ఆవిడ పక్కకు వచ్చి, "అమ్మా, 'పాక్షికంగా పని చేయలేదు' అని రాయకూడదూ?" అని గొణిగారు. చక్రపాణి గారు మెమో తయారుచేయమని చెప్పి ముందుకు కదిలారు.

ఆ సందడిలో భానుమూర్తి బల్ల ముందుకు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయేమో. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. తువ్వాలు కింద వెంట్రుక లేదు. మెడకు ఒక పక్క వాపు తగ్గిన చోట చర్మం ముడతలు పడి ఉంది. చంకలో ఆసుపత్రి ఫైలు.

"నా పేరు అంకారావు సార్. బస్టాండు కాడ వెల్డింగు షాపు నాదే. పేపర్లో చూసి వచ్చా. ఈ మందు రోజుకెన్ని సార్లు తాగాల?"

భానుమూర్తి కుర్చీలోంచి లేచాడు.

"ఎవరికి?" అన్నాడు.

"నాకే సార్. మెడలో గడ్డ. క్యాన్సరంట. గుంటూర్లో సూదిమందు ఎక్కిత్తన్నారు. సోమారం మళ్లా రమ్మన్నారు. ఇంక నే పోదలుచుకోలా. చేతి ఏళ్లు తిమ్మిరెక్కి రాడ్డు పట్టు దొరకట్లా. తిండి సయించట్లా. మన ఊళ్లోనే మొక్క మందు దొరికిందంటే మా ఆడది దేవుడికి దణ్ణం పెట్టుకుంది. చెప్పండి సార్, పొద్దునా సాయంత్రమా?"

ఆరడుగుల దూరంలో చక్రపాణి గారు నిలబడి ఉన్నారు. భానుమూర్తి గొంతు తగ్గించి, "నాది చరిత్రండీ. మిగతా వాళ్లది కూడా ఒకసారి కనుక్కోండి," అన్నాడు. ఎవరో ఒకరు ఈ మనిషికి నిజం చెప్పేస్తారని, తను బతికిపోతానని అతని ఆశ.

అంకారావు బల్ల బల్లకూ వెళ్లాడు. భానుమూర్తి ఇక్కడినుంచి చూస్తూనే ఉన్నాడు. రాజనీతి ఆయన 'ఆమోదం పొందింది' అన్నాడు. కామర్సు ఆయన ఎంత ఆదా అవుతుందో చెప్పాడు. ఫిజికల్ డైరెక్టర్ అధికారి గారి వైపు ఒకసారి చూసి, "బాగా పనిచేస్తుంది," అన్నాడు, గట్టిగా. అంకారావు చేతిలో ఆకుల పొట్లాలు పెరుగుతున్నాయి. అన్నిచోట్లా బాగానే పనిచేస్తుందంటే అతనికి సంతోషం కలగాలి. కానీ ముఖంలో ఏదో తికమక మొదలైంది. కెమిస్ట్రీ బల్ల ముందుకు వచ్చి అట్టముక్క కూడబలుక్కుని చదివాడు.

"ఇదేందమ్మా, మీది పని చేయదా?"

"చేయలేదు. తొమ్మిదేళ్లు చూశా," అంది మెహరున్నీసా మేడమ్. "మీ ఫైలు ఇటివ్వండి."

ఆవిడ కాగితాలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. "మొక్క మందు కావాలని వచ్చారా? మీకు గుంటూర్లో ఎక్కిస్తున్న వాటిల్లో ఇదొకటి ఉంది చూడండి, విన్‌క్రిస్టిన్. ఇది బిళ్ళగన్నేరు ఆకుల్లోంచి తీసిందే."

"బిళ్ళగన్నేరా? మా గోడ పక్కన గుబురుగా ఉంది గదమ్మా! మరి ఆ ఆకే నమిలితే పోలా?"

"పోదు. ప్రాణమే పోవచ్చు. బండెడు ఆకు తెచ్చినా చిటికెడు మందు రాదు. ఆ చిటికెడు తీయడానికి, అది ఎవరికి ఎంత ఇవ్వాలో తెలుసుకోవడానికి బోలెడుమందికి బోలెడేళ్లు పట్టింది. మీ వేళ్ల తిమ్మిరి బహుశా దానివల్లే. ఆ సంగతి డాక్టరుకు చెప్పారా?"

"లేదమ్మా. తిడతారేమోనని."

"తిట్టరు. చెప్తే మోతాదు తగ్గించాలో ఏం చేయాలో వాళ్లు చూస్తారు. మానేయడం మాత్రం మీ అంతట మీరు చేయొద్దు. సోమవారం వెళ్లండి."

అంకారావు ఫైలు మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా తిరిగి చరిత్ర బల్ల దగ్గరికే వచ్చాడు. పొట్లాలన్నీ బల్ల మీద పెట్టాడు.

"సార్, అందరూ పనిచేత్తదంటన్నారు. ఆవిడొక్కతే తనది పని చేయదని చెప్పింది. లేదనే మనిషి అబద్ధం చెప్పదు గదా? మీరు చదువుకున్నోళ్లు. మీ ఫొటో కూడా ఏశారు. ఒక్క మాట చెప్పండి. మీది పని చేత్తదా?"

భానుమూర్తికి వెనకనున్న ఫ్లెక్సీలో తన చేతులు కట్టుకున్న ఫొటో గుర్తొచ్చింది. నరసరావుపేట బస్సు గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి వేళ్లు చూశాడు. అవి బల్ల మీది పొట్లం దారాన్ని పట్టుకోబోయి జారవిడుస్తున్నాయి.

"చేయదండి," అన్నాడు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మాది మందే కాదు. నేను శాసనాలు చదివాను, అంతే. మీరు గుంటూరు వెళ్లండి."

చక్రపాణి గారు వెనక్కి తిరిగారు.

"మీరు పోర్టల్ నందు ఘనవిజయమని నమోదు చేసియున్నారు కదా?"

"వేరే మాట లేదండి అందులో."

ఫిజికల్ డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మాది కూడా... ఆ కుర్రాళ్లు పరుగెత్తింది దొడ్డివైపు సార్." కామర్సు ఆయన తన లెక్కల్లో మందు తప్ప అన్నీ ఉన్నాయని ఒప్పుకున్నాడు. రాజనీతి ఆయన తీర్మానాన్ని పునఃపరిశీలనకు పంపుతామన్నాడు. తెలుగు మాస్టారు మాత్రం తమ నేలవేము సాహిత్యపరంగా పనిచేస్తుందని పట్టుబట్టాడు. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు.

చక్రపాణి గారు గొప్ప అధికారి కాబట్టి ఎక్కువసేపు కంగారు పడలేదు. డైరీలో ఏదో రాసుకుంటూ, "పరిస్థితిని సమగ్రంగా సమీక్షించి తగు నిర్ణయం తీసుకొనబడును," అని తనలో తాను అనుకుని, భోజనం చేయకుండానే వెళ్లిపోయారు. అది మాత్రం ఆ ప్రాంతంలో ఇదివరకెన్నడూ జరగలేదు.

సోమవారం భానుమూర్తి సెలవు పెట్టి అంకారావుతో పాటు గుంటూరు బస్సెక్కాడు. ఎవరూ రమ్మనలేదు. వెళ్లకపోతే ఆ రోజు క్లాసులో ఏ యుద్ధమూ సరిగా చెప్పలేననిపించింది. దారిలో ప్రిన్సిపాల్ గారి ఫోను వచ్చింది. గొంతు ఉత్సాహంగా ఉంది.

"భానుమూర్తిగారూ, గండం గడిచింది! చక్రపాణి గారు దాన్ని పైకి ఎట్లా రాశారో తెలుసా? 'నిజాయితీతో కూడిన వైఫల్యమే పరిశోధనకు పునాది' అన్నారు. వాళ్లకు తెగ నచ్చింది. కొత్త ఉత్తర్వు వచ్చేసింది. ఈ ఏడు ప్రతి శాఖా దసరాలోగా రెండు వైఫల్యాలు సాధించాలట. మెహరున్నీసా మేడమ్ జిల్లాకంతటికీ శిక్షణ ఇవ్వాలి."

"మేడమ్ ఏమన్నారండి?"

"అదేనయ్యా చిక్కు. ఆవిడేమో ఆ పదార్థాన్ని కాస్త మార్చి చూస్తానంటోంది. ఈసారి మంచి కణాలు బతకొచ్చేమోనట. ఇప్పుడు గనక పని చేసిందనుకో, కాలేజీ పరువేం కాను? మీరైనా కాస్త నచ్చజెప్పండి."

"నా బదిలీ సంగతేమైనా తెలిసిందాండి?"

"మీది ఒక్క వైఫల్యమే కదా. రెండోది కానివ్వండి, చూద్దాం," అని ప్రిన్సిపాల్ గారు ఫోను పెట్టేశారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అంకారావు వేళ్ల తిమ్మిరి సంగతి ఓపిగ్గా విన్నది. అతన్ని బొత్తాం పెట్టుకోమని, తీయమని చూసింది. ముందే చెప్పాల్సిందని మెత్తగా మందలించి, చీటీలో మోతాదు తగ్గించి రాసింది. వార్డులో కిటికీ పక్క మంచం దొరికింది. నర్సు సూది గుచ్చి, సన్నటి గొట్టం అమర్చి వెళ్లింది. నీళ్లలా రంగు లేని మందు బొట్టుబొట్టుగా దిగడం మొదలైంది.

అంకారావు దానివైపే చూస్తూ పడుకున్నాడు. అన్నిసార్లు ఎక్కించుకున్నా దాన్ని ఇంత పరీక్షగా అతను ఎప్పుడూ చూడలేదు.

"సార్," అన్నాడు. "ఇది కనిపెట్టింది ఏ శాఖోళ్లు?"

భానుమూర్తి స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. చరిత్ర లెక్చరరుగా అతనికి ఇలాంటి ప్రశ్నలకు జవాబులు తెలిసి ఉండాలి. ఆలోచించాడు.

"తెలీదు అంకారావుగారూ. చాలామందే అయ్యుంటారు," అన్నాడు. "కానీ దీనికి ముందు వాళ్లు చాలాసార్లు 'పని చేయలేదు' అని రాసి ఉంటారు."

అంకారావు తలూపి, తిమ్మిరి వేళ్లను దుప్పటి మీద ఒక్కొక్కటే ముడుస్తూ తెరుస్తూ కళ్లు మూసుకున్నాడు.